ముడుపు విప్పకుండా

మూట కనపడితే లోపల ఏముందో తెలుసుకోకుండా నేను ఉండలేను. పెళ్లిలో వచ్చిన బహుమతులు, ఇచ్చినవాళ్లు ఇంకా బంతిలో కూర్చుని ఉండగానే విప్పి చూశానని మావారు ఇప్పటికీ దెప్పుతారు. అలాంటిదాన్ని తీసుకొచ్చి ప్రభుత్వం వారు జీతం ఇచ్చి మరీ మూటల్లో ఏముందో చూసే ఉద్యోగంలో పెట్టారు. ఫోరెన్సిక్ ల్యాబులో మత్తుమందుల విభాగం నాది. పేరు రాజ్యలక్ష్మి, ఉండేది పటమటలో.

ఈ పనిలో నాకు మొదటి నుంచీ ఒక అసంతృప్తి ఉండేది. పాత పద్ధతిలో పొట్లం విప్పాలి, చిటికెడు పొడి తీయాలి, దాని మీద రసాయనం చుక్క వేయాలి, ఏ రంగు తేలిందో చూడాలి. ఆ చిటికెడు ఇంక దేనికీ పనికిరాదు. దొరికిందే చిటికెడైతే పరీక్షతో పాటు సాక్ష్యం కూడా అయిపోతుంది. పైగా ఆ రంగుల్ని పూర్తిగా నమ్మడానికి లేదు. మామూలు మందుబిళ్లకు కూడా అనుమానపు రంగు తేలి నన్ను కంగారు పెట్టిన రోజులున్నాయి.

అందుకే కొత్త మిషన్ వచ్చిన రోజు నాకు పండగే అయింది. ఇటుక కంటే కాస్త పెద్దది, చేత్తో పట్టుకోవచ్చు. ముందు వైపు నుంచి లేజర్ కాంతి వస్తుంది. ఆ కాంతి ఏ పదార్థం మీద పడినా, తిరిగి వచ్చేటప్పుడు అందులో రవ్వంత రంగు మారుతుంది. ఒక్కో పదార్థం దాన్ని ఒక్కో తీరుగా మారుస్తుంది. మిషన్ ఆ తీరును గీతగా గీసి, తన దగ్గర దాచుకున్న గీతలతో పోల్చి పదార్థం పేరు చెబుతుంది. గాజుసీసా, ప్లాస్టిక్ కవరు అడ్డున్నా ఫరవాలేదు. విప్పక్కర్లేదు, చిటికెడు కూడా తరగదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలంటే ఎలా అని పెద్దలు వెక్కిరించారు గానీ, ఈ మిషన్‌తో రెండూ కుదురుతాయని డిపార్ట్‌మెంటులో కనపడినవాళ్లందరికీ చెప్పుకుని తిరిగాను.

నా గొప్పలు విన్నవాళ్లలో ఎస్సై దుర్గాప్రసాద్ ఒకరు. ఆ రోజు విజయవాడ బస్టాండులో తనిఖీకి నన్ను, మా వ్యానును, మిషన్‌ను కలిపి రప్పించింది ఆయనే. పసిబిడ్డలను ఎత్తుకుని ప్రయాణం చేసే ఆడవాళ్ల సంచుల్లో తెల్ల పొడి పంపిస్తున్నారని పోలీసులకు సమాచారం వచ్చింది. బాలింత సంచి ఎవరూ వెదకరని పంపేవాళ్ల ధైర్యం. పొద్దున్నే వచ్చి, పని తగలక, వ్యానులో కూర్చుని ఇడ్లీ తింటున్నాను. శ్రీదుర్గ అనే కానిస్టేబుల్ అమ్మాయి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"మేడం, సార్ రమ్మంటున్నారండీ. ఒకామె మూట విప్పనియ్యట్లేదు."

విప్పనివ్వని మూట అని విన్నాక ఇడ్లీ ఎలా దిగుతుంది? చెయ్యి కడుక్కుని మిషన్ పెట్టె తీసుకుని వెళ్లాను.

బస్టాండులో పోలీసులకు ఒక చిన్న గది ఉంది. బల్ల మీద ఆ మూట పెట్టి ఉంది. కొబ్బరికాయంత ఉంటుంది. ఆకుపచ్చ గుడ్డ, అంచుకు జరీ, పైన ఎండిపోయిన గంధం మరకలు. బల్ల పక్కన ఒక పెద్దావిడ మూట మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. సన్నటి మనిషి, నేత చీర, అరవై దాటి ఉంటాయి. ఆమె పేరు మెహబూబ్ బీ. వన్ టౌన్‌లో వాళ్లకు పరుపుల కొట్టు ఉంది. మూలనున్న బెంచీ మీద ఆమె కోడలు అఫ్సా, ఒళ్లో నెలల పాపతో కూర్చుని ఉంది. మూట ఉన్న సంచి కోడలి చేతిలోనే దొరికిందట.

"అమ్మా, విప్పించే అధికారం నాకుంది. అయినా మర్యాదగా అడుగుతున్నా," అంటున్నారు దుర్గాప్రసాద్.

"మర్యాదగానే చెబుతున్నా నాయనా. ఇది దర్గా ముడుపు. మా కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలబడితే బాబాకి పంచదార చదివిస్తానని ముడుపు కట్టా. ఇదుగో పాప పుట్టింది. అవనిగడ్డ అవతల దర్గాకి పోతున్నాం. ముడి అక్కడే, బాబా ముందరే విప్పాలి. మధ్యలో విప్పితే బిడ్డకి మంచిది కాదు."

"పంచదారే అయినప్పుడు చూపిస్తే పోయేదేముంది?"

"పంచదారే. చూపించను."

మొండితనంలో మా అత్తగారి తర్వాత నేను చూసిన మనిషి ఈమే. దుర్గాప్రసాద్ నన్ను పక్కకు పిలిచారు. ఆయన కోపిష్టి కాదు, ఇరుకున పడ్డ మనిషి.

"కింద కుట్టు దగ్గర శ్రీదుర్గ వేలికి తెల్ల పొడి అంటింది మేడం. నేను చాకు పెట్టి కోశాననుకోండి, బయట అందరూ ఫోన్లు పట్టుకునే ఉన్నారు, దర్గా ముడుపు కోశాడని సాయంత్రానికి ఊరంతా చూస్తది. కొయ్యకుండా పంపించాననుకోండి, అందులో సరుకుంటే నా ఉద్యోగం పోద్ది. మీ మిషన్ విప్పకుండా చెబుతుందన్నారు గదా?"

ఆ మాట కోసమే కదా ఇన్నాళ్లూ చెప్పుకు తిరిగింది. మిషన్ బల్ల మీద పెట్టి, "అమ్మా, ముడి జోలికి వెళ్లను. పైన ఆనించి చూస్తానంతే. లోపల ఏముందో పేరుతో సహా చెబుతుంది," అన్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె నా మొహం చూసి, "పేరుతో సహానా?" అని మాత్రం అడిగింది.

అదే సమయంలో బెంచీ మీదున్న అఫ్సా పాపను గట్టిగా అదుముకుంది. మొహంలో నెత్తురు లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది ఆ పిల్ల వాలకం. నేను చూశాను, దుర్గాప్రసాద్ కూడా చూశారు. ఆయన గొంతు తగ్గించి, "శ్రీదుర్గా, ఆ అమ్మాయి పక్కనే ఉండు," అన్నారు.

అత్తగారికి తెలియకుండా ముడుపులో ఇంకేదో నింపి పంపుతున్నారేమో. అదే నిజమైతే ఈ పాప తల్లితో పాటు జైలుకు పోతుంది. కాకపోతే బాగుండునని అనుకుంటూనే, ఏముందో చూడాలని నా చేతులు తొందరపడుతున్నాయి. సిగ్గుచేటే గానీ నిజం.

అందర్నీ మొహాలు అటు తిప్పుకోమని చెప్పి, పాపను ఇంకా దూరం జరిపించి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని మిషన్ గుడ్డకు ఆనించాను. తెర మీద గీత కొండలా పైకి లేచి కొండలాగే దిగిపోయింది. అందులో ఒక్క మొన కూడా లేదు. మొనలు లేకపోతే పేరు లేదు. ఇంకో వైపు చూశాను, అదే కొండ.

"లోపల ఇంకో గుడ్డ ఉందామ్మా?" అని అడిగాను.

"ఉంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ. దాంట్లో పంచదార పోసి ముడేసి, పైన ఆకుపచ్చ గుడ్డ కుట్టా. మా వీధిలో అందరం అట్టానే కడతాం. దుర్గమ్మకి కట్టేవాళ్లదైనా, బాబాకి కట్టేవాళ్లదైనా లోపలిది మాత్రం పసుపు గుడ్డే."

అదీ సంగతి. పసుపు మీద లేజర్ పడితే పసుపే వెలుగుతుంది. ఆ వెలుగు ముందు లోపలి పొడి పంపే చిన్న కాంతి ఎక్కడ కనపడుతుంది? ఆకుపచ్చ రంగు కూడా దానికి తోడైంది. ఈ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ప్లాస్టిక్ గురించి, గాజు గురించి, అట్టపెట్టెల గురించి పేజీలు పేజీలు రాశారు. పసుపు గురించి ఒక్క ముక్క లేదు. తయారుచేసినవాళ్లు ఎన్నడూ ముడుపు కట్టి ఉండరు.

"చాలా గొప్ప మిషన్ అన్నారు మేడం," అన్నారు దుర్గాప్రసాద్. వెక్కిరింపు పెద్దగా లేదు గానీ, ఉన్నంత వరకు నాకు బాగానే తగిలింది.

"ఇంకో పద్ధతి ఉందిలెండి, ఓపిక పట్టండి," అన్నాను కాస్త విసురుగానే.

మామూలుగా మిషన్ కాంతి వేసిన చోటే చూస్తుంది. అక్కడ పై పొర గోలే ఎక్కువ. రెండో పద్ధతిలో కాంతి ఒక చోట వేసి, దానికి కొద్దిగా పక్కన చూస్తుంది. లోపలికి దిగిన కాంతి అక్కడి గింజల్లో అటూ ఇటూ తిరిగి కొంత ఆ పక్క నుంచి బయటపడుతుంది. అందులో లోపలి కబురు ఎక్కువ ఉంటుంది. రెండు చూపులనూ పోల్చి పై పొర కబురును తీసేస్తే లోపలిది మిగులుతుంది. వీధిలో ఒక ఇంటి సంగతి కావాలంటే ఆ గుమ్మంలో అడిగి లాభం లేదు, పక్కింట్లో అడగాలి. అంతకంటే ఇందులో పెద్ద విజ్ఞానమేమీ లేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఈ పద్ధతికి కాంతి జోరుగా వేయాలి. ముదురు రంగు గుడ్డ ఆ వేడిని పీల్చుకుని కమిలిపోవచ్చు. చిన్న రంధ్రం పడినా ముడుపు చెడినట్టే. మెహబూబ్ బీకి ఆ మాట చెప్పాను. దాచి చేస్తే అయిపోయేదే, కానీ ఆమె చెయ్యి ఇంకా ఆ మూట మీదే ఉంది.

"ఇదే గుడ్డ ముక్క ఏదైనా ఉందా? ముందు దాని మీద చూస్తాను."

"మిగిలిన దాంతో పాపకి టోపీ కుట్టా," అంది. అఫ్సా పాప టోపీ తీసి శ్రీదుర్గకు ఇచ్చింది. దాన్ని బల్ల మీద పరిచి కాంతి వేశాను. తీసి చూస్తే గుడ్డ గోరువెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను, మాడు వాసన లేదు. అయినా జోరు ఇంకొంచెం తగ్గించి అప్పుడు ముడుపు దగ్గరికి వెళ్లాను.

ఈసారి మిషన్ చాలాసేపు ఆలోచించింది. గదిలో పాప చప్పరించే చప్పుడు తప్ప ఏమీ లేదు. కొండ కరిగి కిందికి దిగింది. దాని కింద నుంచి మొనలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత నాకు పరీక్ష ఫలితాల రోజు గుర్తొచ్చింది. తెర మీద పేరు పడింది. నేను ఎదురుచూసింది పంచదార పేరు, లేదా మేం వెదుకుతున్న సరుకు పేరు. పడింది రెండూ కాదు. గ్లూకోజు.

మందుల షాపులో డబ్బాల్లో అమ్మే గ్లూకోజే. తెల్ల పొడి వ్యాపారం చేసేవాళ్లు సరుకు పెంచడానికి కలిపే పదార్థాల్లో అదీ ఒకటి. ముడుపును పక్కలకు తిప్పి, కింద నుంచి, పై నుంచి మళ్లీ మళ్లీ చూశాను. ఎక్కడ చూసినా ఒకటే గీత. అయినా లోపల మరేదైనా రవ్వంత కలిసి ఉంటే ఈ మిషన్‌కు దొరక్కపోవచ్చు. దీని హద్దు నాకు తెలుసు. అందుకని కుట్టు దగ్గర అంటిన పొడిని ప్రత్యేకమైన కాగితంతో తుడిచి వ్యానులో ఉన్న రెండో యంత్రంలో పెట్టాను. అది అణువుల వాసన పట్టేది. అనుమానపు సరుకు వేలిముద్రంత తగిలి ఉన్నా అరుస్తుంది. అది నోరు మెదపలేదు. రెండు సాక్ష్యాలూ కలిశాక నాకు అనుమానం తీరింది.

గదిలోకి వచ్చి, "మత్తుమందు కాదు," అన్నాను.

దుర్గాప్రసాద్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు. "అయితే పంచదారేనన్నమాట?"

నేను సమాధానం చెప్పేలోగా మెహబూబ్ బీ అందుకుంది. "కాదన్నారు గదా నాయనా. ఇంక ఏందో ఎందుకు? మా బస్సు పోద్ది."

"సరే, మేడం కాగితం రాసిస్తారు, సంతకం పెట్టి వెళ్లండి," అని ఆయన బయటి జనాన్ని పంపించడానికి వెళ్లారు. ఆయన పని అయిపోయింది. నా పని అప్పుడే మొదలైంది. ఇంతసేపూ పంచదార, పంచదార అన్న మనిషి, నేను పంచదారేనని చెప్పే అవకాశం వచ్చేసరికి ఎందుకు అడ్డుపడింది?

సంచి అఫ్సా చేతిలోది కాబట్టి సంతకం ఆమెదే కావాలి. వ్యాను దగ్గరికి తీసుకెళ్లాను. కాగితంలో ఉన్నదున్నట్టు గ్లూకోజు అనే రాశాను. అబద్ధం రాసే అలవాటు లేదు. అఫ్సా ఆ మాట చదివి పెన్ను కింద పెట్టేసింది. కాసేపటికి కన్నీళ్లు కారాయి.

"అత్తమ్మకి చెప్పకండి మేడం," అంది.

మెల్లగా అడిగాను, మెల్లగా చెప్పింది. ఐదో నెల నుంచి డాక్టరు మంచం దిగొద్దన్నారు. మంచం పక్కన గూట్లో ముడుపు ఉండేది. రోజూ దాన్ని చూసుకుంటూ ధైర్యం తెచ్చుకునేది. వానాకాలంలో ఒకరోజు చూస్తే గూట్లో చీమల బారు. చేత్తో పట్టుకుంటే ముడుపు తేలిగ్గా ఉంది. చీమలు కింద కుట్టు కొరికేశాయి, పంచదార చాలావరకు పోయింది. అత్తగారు కొట్లో ఉన్నారు.

"మూడోసారి గదండీ. ముడుపు ఖాళీ అయిందంటే కడుపు కూడా అట్టాగే అవుద్దనిపించింది. అత్తమ్మకి చెబితే ఆమె నోటితో కూడా అదే అంటదని భయమేసింది. వంటింటికి పోయే ఓపిక లేదు. మంచం పక్కన నాకిచ్చిన గ్లూకోజు డబ్బా ఉంది. కుట్టు ఊడదీసి, ముడి విప్పి, మిగిలింది దులిపేసి, గ్లూకోజు నింపి మళ్లీ కుట్టేశా."

"అయితే ఇప్పుడు భయమేమిటి? పాప క్షేమంగా పుట్టిందిగా?"

"ఇవాళ దర్గాలో విప్పి పళ్లెంలో పోసి అందరికీ పంచుతారు. మా ఆయన మునీర్, ఆడపడుచులు, అందరూ పొద్దున్నే వెళ్లి అక్కడున్నారు. నోట్లో వేసుకోగానే తెలిసిపోద్ది. నా భయం దానిక్కూడా కాదండీ." పాప మొహం చూసుకుంది. "మధ్యలో విప్పింది నేనే గదా. మొక్కు చెడిపోయుంటదా? పాపకేమన్నా అవుద్దా? పాప తుమ్మినా నాకు అదే గుర్తొస్తది. మీ మిషన్‌లో అన్నీ తెలుస్తాయంటున్నారు, అందుకే అడుగుతున్నా."

దేవుడి లెక్కలు నా చదువులో లేవు. "పాపకేమీ కాదమ్మా," అన్నాను. ఎవరైనా అనే మాటే అది. ఆ పిల్ల నమ్మలేదు, నమ్మినట్టు తల ఊపి, సంతకం పెట్టి పాపకు పాలివ్వడానికి గదిలోకి వెళ్లింది.

ఆమె అటు వెళ్లిందో లేదో మెహబూబ్ బీ వ్యాను మెట్టు దగ్గరికి వచ్చింది. కూర్చోమంటే మెట్టు మీదే కూర్చుంది.

"మా పిల్ల ఏడ్చిందా?"

"అబ్బే, సంతకం పెట్టించానంతే."

"గ్లూకోజే గదమ్మా?"

మీకెలా తెలుసు అన్నాను. ఆమె తన వేళ్లు చూపించింది. చివర్లన్నీ సూది గాట్లతో గట్టిపడి ఉన్నాయి. "పరుపులు కుట్టే చేతులమ్మా ఇవి. నా కుట్టు నాకు తెలియదా? నేను కుట్టింది ఒక తీరు, ఇప్పుడున్న కుట్టు ఒక తీరు. పంచదారైతే పైనుంచి నొక్కినా పలుకు తగులుద్ది. ఇది పిండిలాగా కిర్రుమంటది. డబ్బా చూస్తే ఖాళీ. పిల్ల చూస్తే గ్లూకోజు తాగిన మొహం కాదు. ఇంక తెలియటానికేముంది?"

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ వారంలోనే."

"మరి విప్పనివ్వకుండా అంత పట్టుబట్టారెందుకు? బిడ్డకు మంచిది కాదన్నారుగా?"

"మనవరాలి సంగతి అల్లా చూసుకుంటాడు. నేను చూసుకోవాల్సింది కోడల్ని. మీ ఎస్సై విప్పితే అంత మంది ముందర గ్లూకోజని బయటపడుద్ది. ఎవరు మార్చారంటే ఏం చెబుద్ది పాపం? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్దంటారు. ఇంట్లో సంగతి బస్టాండులో విప్పుకుంటామా?"

"దర్గాలో మాత్రం విప్పుతారుగా?"

"అక్కడ విప్పేది నేను. పళ్లెం నిండా పంచదార పోసి ఉంచమని మునీర్‌కి చెప్పా. అందులో ఇది గుమ్మరించి కలిపేస్తా. కలిశాక తీపే గదమ్మా తగిలేది."

నా మిషన్‌కు ఆ రెండూ విడివిడిగా కనపడతాయి అని నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. కానీ నాకు ఇంకో వైపు నుంచి కోపం వచ్చింది. ఇంత తెలిసిన మనిషి ఒక్క మాట చెప్పేస్తే ఆ పిల్లకు ఇన్ని నెలల బాధ తప్పేది కదా? ఆ మాటే అడిగాను.

"నేను చెబితే దొంగతనం పట్టుకున్నట్టు ఉంటది. తనే చెప్పుకుంటే వేరు. ఏదో ఒకరోజు చెబుద్దిలే అని చూస్తున్నా. అత్త తిడుతుందని భయం, అంతేగా."

"అంతే కాదండీ," అన్నాను. చెప్పొద్దని అఫ్సా అడిగింది నిజమే. కానీ నోరు ఆగలేదు, ఆగనందుకు ఇప్పటికీ విచారం లేదు. "మీరు తిడతారని కాదు. మొక్కు చెడిందని, తను విప్పినందుకు పాపకేమన్నా అవుతుందని. పాప తుమ్మినా అదే గుర్తొస్తోందట."

మెహబూబ్ బీ నా వైపు తిరిగింది. "పాపకా?" అంది. బస్సులు వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎంత పిచ్చిదమ్మా అది," అంది చివరికి. "నేనెంత పిచ్చిదాన్ని. నేను కట్టింది కొట్లో కొన్న పంచదార. డబ్బులిచ్చా, పొట్లం తెచ్చా, కట్టా. ఆ పిల్ల నింపింది తన నోటి దగ్గరది. లేవలేక పడున్న మనిషి, తాగితే తనకి ఓపికొచ్చేది తాగకుండా బిడ్డ కోసం దాంట్లో పోసింది. ఈ రెంట్లో బాబా ఏది తీసుకుంటాడో నువ్వే చెప్పు."

నాకు ఏడుపు ఆగలేదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని మిషన్ సర్దుకుంటున్నట్టు నటించాను. నేను గీతలో చూసిన గ్లూకోజు, ఆమె చేత్తో చూసిన గ్లూకోజు ఒక్కటే. కానీ ఆమె నాకంటే చాలా లోపలికి చూసింది, అంతకు మించి నాకేమీ తోచలేదు.

అవనిగడ్డ బస్సు ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. శ్రీదుర్గ సంచి అందుకుని ముందు నడిచింది. ముడుపు నా చేతిలో ఉంది. కాగితంలో ఉన్న పేరు ప్రకారం దాన్ని అఫ్సాకే అప్పగించాలి. బస్సు మెట్టు దగ్గర ఇవ్వబోతే ఆమె వెనక్కి తగ్గింది.

"అత్తమ్మకియ్యండి."

"పాపని ఇటియ్యి," అంది మెహబూబ్ బీ. పాపను తీసుకుని భుజాన వేసుకుంది. "ముడుపు నువ్వే పట్టుకో. దర్గాలో కూడా నువ్వే విప్పు."

"నేనా?"

"నీదేగా."

అఫ్సా రెండు చేతులతో ముడుపు తీసుకుంది. వాళ్లు ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చున్నారు. కండక్టర్ కేక వేస్తున్నాడు. అఫ్సా ముడుపును ఒళ్లో పెట్టుకుని అత్తగారి వైపు తిరిగింది. నేను కిటికీ కిందే నిలబడి ఉన్నాను, వెళ్లిపోవలసిందే గానీ కాళ్లు కదల్లేదు.

"అత్తమ్మా, ఇందులో ఉంది పంచదార కాదు," అంది.

మెహబూబ్ బీ పాప వీపు నిమురుతూ ఆమెకు దగ్గరగా జరిగింది.

"చెప్పు తల్లీ, వింటున్నా," అంది. బస్సు కదిలింది.